గార్న్

జెట్టీ మీద, చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించుకుని
నాన్న కూర్చున్నాడు.
కానగర్తల వేలంపాట అయిపోయింది.
ఐసు నీళ్లు, పొలుసులు, కాకుల పంచాయితీ మిగిలాయి.

అప్పుడొచ్చాడు హాల్వార్.
ఇనుప ఖనిజం కోసం నాలుగు రోజులుగా
అవుటర్ హార్బరులో కాచుకున్న ఓడలో ఇంజను మనిషి,
నార్వే వాడు, మన ఎండకి ఉడికిన రొయ్యలా ఉన్నాడు.
వలని చూసి మోకాళ్ల మీద కూలబడి
ఒకే మాటన్నాడు:
గార్న్.

"ఏటంతన్నాడే?"
నేను ఐసు ఫ్యాక్టరీలో చిట్టాలు రాస్తాను.
ఓడల వాళ్ల ఇంగ్లీషు సగం తెలుసు,
మిగతా సగం వాళ్ల చేతులు చెప్తాయి.
దారం ముట్టుకున్నాడు: గార్న్.
వల ముట్టుకున్నాడు: గార్న్.
"రెండింటికీ ఒకటే పేరేటి?
పేర్లకి కరువొచ్చిందా ఆళ్ల ఊర్లో?"

మరి మీరేమంటారని అడిగాడు.
వల, అన్నాను.
వాడు పగలబడి నవ్వాడు.
వాళ్ల దగ్గర వాల్ అంటే తిమింగలమట.
"అంత పెద్దది మన కన్నుల్లో దూరదని సెప్పు,"
నాన్న సూది ఆపలేదు.

ఆగింది తర్వాత.
హాల్వార్ చొక్కా ఎత్తి, బొడ్డు కింద వేలితో గీత గీసి,
వాళ్ల తాతల తాతల భాషలో
ఈ మాటకి తోబుట్టువు ఒకటుందన్నాడు. గొర్న్.
పేగు.
జంతువు పేగుని ఎండబెట్టి, పురిపెట్టి
దారంగా వాడుకున్న కాలం ఉండేదేమోనట.
ఎవరూ చూడలేదు. మాట చూసింది.

కిందటి వానాకాలం కేజీహెచ్‌లో
నాన్న పేగుని జానెడు కోసి, కలిపి కుట్టారు.
తెలివొచ్చాక మొదట అడిగింది
"ముడేటేసేరమ్మా? జారుముడి కాదు కదా?"
ఇప్పుడు తనూ చొక్కా ఎత్తాడు.
ఇద్దరు మగాళ్లు నడి జెట్టీలో పొట్టలు చూపించుకుంటుంటే
సూరాడ బంగారమ్మ చేపల గంప దించి మరీ నవ్వింది.
పదకొండు కుట్లు. కవళ్ల వల కన్నంత ఎడం.

ఇంకో మాట కూడా చెప్పాడు, నోత్.
గాలిలో పెద్ద చుట్టు గీసి, అడుగున బిగించి లాగాడు.
రింగువల.
నాన్న మొహం తలుపేసుకుంది.
"ఆ మాట ఇక్కడొద్దని సెప్పు."
దాని మీద రెండు పేటలకీ మాటల్లేవు,
మా పెదనాన్న అవతలి పేటలో ఉన్నాడు.
ఏ రేవులో ఏ మాట ఎంత బరువో
నిఘంటువులో రాయరు.

రాత్రి చిట్టా వెనక పేజీలో రాసుకున్నాను:
గార్న్. దారం, వల. దూరపు చుట్టం పేగు.
కింద మనవి.
వల. వలపు. వలస.
వీటికి బంధుత్వం ఉందో లేదో చదువుకున్నవాళ్లు చెప్పాలి,
నాకైతే ఒకే తాడుకి కట్టిన బెండ్లలా తేలుతున్నాయి.
వల కన్ను.
కన్నపేగు.

ఇక్కడ కలం ఆగింది.
కన్ను వేరు, కన్న వేరు, తెలుసు.
కానీ నాకు ఏడాది నిండకుండానే అమ్మ పోతే
పాత నైలాన్ వలని దూలానికి ఉయ్యాల కట్టి,
రాత్రంతా ఒక కాలితో ఊపుతూ
రెండు చేతులా ఊరి వలలు కుట్టిన మనిషికి
కన్నపేగు అనే మాట మన భాష ఇవ్వలేదు.
ఆయన పొట్టలోదీ పేగే.
అదీ తెగింది. అదీ కుట్టించుకున్నాడు.

తెల్లారేసరికి ఓడ లేదు.
యారాడ కొండ పక్కన పొగ గీత సన్నబడుతోంది.
"ఆడి మాట ఏటన్నాడే, మర్సిపోనాను?"
గార్న్, అన్నాను.
"గారను," అని ఒకసారి నమిలి చూసి
నాన్న పళ్లతో దారం కొరికాడు,
బొటనవేలికి ఇంకో కన్ను తగిలించాడు.